పాటకు దీపం తప్పకుండా పలకాలంటే: పండుగ లైట్ షోకు టైమింగ్ ట్రాక్ తయారుచేసే పద్ధతి

డిసెంబరు వచ్చిందంటే అమెరికా శివారు కాలనీల్లో కొన్ని ఇళ్ల ముందు రాత్రి ఏడు గంటలకే కార్లు బారులు తీరుతాయి. ఇంటివారు బోర్డు మీద రాసి పెట్టిన ఎఫ్ఎం స్టేషనుకు కారు రేడియోను తిప్పుకుంటే పాట మొదలవుతుంది, ఆ పాటకు తగినట్టు ఇంటి చూరు, చెట్లు, కిటికీలు వెలుగుతూ ఆరుతూ ఉంటాయి. చూసేవారికి సంగీతశాస్త్రం తెలియనక్కరలేదు. డ్రమ్ము దెబ్బ పడడానికి ఐదో వంతు సెకను ముందే చెట్టు వెలిగినా, లేదా దెబ్బ పడిన తరువాత కాస్త ఆగి వెలిగినా, ఎక్కడో పొసగడం లేదని చిన్నపిల్లలు సైతం పట్టేస్తారు. ఆ పొసగకపోవడం రాకుండా చూసే బాధ్యత మొత్తం టైమింగ్ ట్రాక్ మీద ఉంటుంది.

టైమింగ్ ట్రాక్ అంటే పాటలో ఏ క్షణంలో ఏమి జరుగుతుందో మిల్లీసెకన్ల లెక్కన పెట్టుకున్న గుర్తుల వరుస. లైట్లను నడిపే సీక్వెన్సర్ సాఫ్ట్‌వేర్‌లో మనం పెట్టే ప్రతి ఎఫెక్టు ఈ గుర్తుల దగ్గర మొదలై ఈ గుర్తుల దగ్గర ముగుస్తుంది. గుర్తు పక్కకు జరిగితే దాని మీద ఆధారపడిన ప్రతి దీపమూ పక్కకు జరుగుతుంది. అందుకే రంగులు ఎంచుకోవడానికి ముందే, ఒక్క ఎఫెక్టు కూడా పెట్టకముందే, ఈ పని పూర్తి చేయాలని నేను గట్టిగా చెబుతాను.

2004లో ఒహాయో రాష్ట్రంలోని మేసన్ పట్టణంలో కార్సన్ విలియమ్స్ అనే ఇంజనీరు తన ఇంటి మీద 16,000 దీపాలను 88 ఛానెళ్లకు కలిపి పాటకు తగినట్టు ఆడించారు. ఆ వీడియో మరుసటి ఏడాది ఇంటర్నెట్‌లో విపరీతంగా తిరిగిన తరువాతే ఈ అభిరుచి ఎందరికో పాకింది. ఆనాటి ఛానెల్ అంటే ఒక తీగ మొత్తం వెలగడమో ఆరడమో. ఈనాడు ప్రతి బల్బుకూ విడిగా రంగు చెప్పగల పిక్సెళ్లు వచ్చాయి, ఇంటి ముందు వేల ఛానెళ్లు ఉండడం మామూలైంది. దీపాల వైపు ఇంత మారినా పాటను కూర్చుని వినే పని మాత్రం అప్పుడు ఎంత ఉందో ఇప్పుడూ అంతే ఉంది.

కావలసిన సరంజామా

ఈ వ్యాసంలో ఉదాహరణలకు ఎక్స్‌లైట్స్ అనే సీక్వెన్సర్‌ను తీసుకుంటున్నాను. అది ఉచితం, ఓపెన్ సోర్స్, విండోస్‌లోనూ మ్యాక్‌లోనూ లైనక్స్‌లోనూ నడుస్తుంది. దానితో పాటు ఆడాసిటీ అనే ఉచిత ఆడియో ఎడిటరు కావాలి. బీట్లను కనిపెట్టే పనికి లండన్‌లోని క్వీన్ మేరీ విశ్వవిద్యాలయంవారు తయారుచేసిన వ్యాంప్ ప్లగిన్లు (సీక్వెన్సర్‌కు తగిలించుకునే అదనపు పనిముట్లు) కావాలి. ఇవి కూడా ఉచితమే. ఎక్స్‌లైట్స్ 64 బిట్‌ది అయితే ప్లగిన్లు కూడా 64 బిట్‌వే ఉండాలి. అవి సరిపోకపోతే పొరపాటు సందేశం ఏదీ రాకుండా ప్లగిన్ల జాబితా ఖాళీగా కనబడుతుంది, చాలామంది ఇక్కడే ఒక సాయంత్రం పోగొట్టుకుంటారు. ప్లగిన్లను వ్యాంప్ ప్లగిన్స్ ఫోల్డరులో పెట్టిన తరువాత ఎక్స్‌లైట్స్‌ను మూసి తెరవాలి. చెవులకు పెట్టుకునే తీగ ఉన్న మంచి హెడ్‌ఫోన్లు కూడా తప్పనిసరి. బ్లూటూత్ హెడ్‌ఫోన్లలో శబ్దం ఆలస్యంగా చేరుతుంది కాబట్టి ఈ పనికి వాటిని వాడకూడదు.

మొదటి మెట్టు: పాట ఫైలును ఖరారు చేయడం

గుర్తులు పెట్టడం మొదలయ్యాక పాట ఫైలు మీద చేయి వేయకూడదు. కత్తిరింపులు, శబ్దం పెంచడం, చివర మెల్లగా తగ్గించడం, మొదట్లో రెండు సెకన్ల నిశ్శబ్దం కలపడం, ఇవన్నీ ముందుగానే ఆడాసిటీలో ముగించి, చివరి ఫైలును ఒక్కసారి ఎగుమతి చేసుకోవాలి. ఎంపీ3గా చేసేటప్పుడు స్థిరమైన బిట్‌రేటు (ఒక్కో సెకను శబ్దానికి వాడే సమాచారం కొలత) ఎంచుకోవాలి. మారే బిట్‌రేటు ఉన్న ఫైళ్లలో కొన్ని ప్లేయర్లు పాట మధ్యకు దూకినప్పుడు కాలాన్ని తప్పుగా లెక్కిస్తాయి. మీరు పాట నడుమ నుంచి వింటూ పెట్టిన గుర్తు, పాటను మొదటి నుంచి నడిపినప్పుడు వేరే చోట పడే ప్రమాదం ఇందువల్లే వస్తుంది.

ఇంకొక సూక్ష్మం ఉంది. ఎంపీ3గా కుదించే ప్రతిసారీ ఫైలు మొదట్లో కొద్దిపాటి నిశ్శబ్దం చేరుతుంది. ఎంపీ3 తయారుచేసే లేమ్ ఎన్‌కోడరు సాధారణంగా 576 శాంపిళ్లు (శబ్దపు అతి చిన్న కొలతలు) కలుపుతుంది, దాన్ని విప్పి వినిపించే డీకోడరు వైపు 529 శాంపిళ్ల ఆలస్యం ఉంటుంది, రెండూ కలిపి 1,105. సెకనుకు 44,100 శాంపిళ్ల లెక్కన అది దాదాపు 25 మిల్లీసెకన్లు. కొన్ని ప్లేయర్లు దీన్ని సరిదిద్దుతాయి, కొన్ని సరిదిద్దవు. ఒకసారి చేసిన ఎంపీ3ను తెరిచి మళ్లీ ఎంపీ3గా దాచితే ఆ జరుగుడు మళ్లీ చేరవచ్చు.

నేను షో పెట్టిన రెండో ఏడాది నవంబరు ఆఖరులో, పాటలన్నీ ఒకే స్థాయిలో వినబడాలని శబ్దం సరిచేసి, పనిలో పనిగా ఒక పాట మొదట్లోని నిశ్శబ్దాన్ని కూడా కాస్త కత్తిరించాను. మూడు వారాలు కూర్చుని పెట్టిన గుర్తులన్నీ ఆ పాటకు దూరమయ్యాయి. అన్నిటినీ ఒకేసారి వెనక్కి జరిపితే చాలావరకు కుదిరాయి కానీ, ఎంత జరపాలో తేల్చుకోవడానికే ఒక రాత్రి పట్టింది. ఆనాటి నుంచి ఖరారైన ఫైలు పేరు చివర తేదీ రాసి, ఆ ఫైలును చదవడానికి మాత్రమే వీలుగా మార్చి పెడుతున్నాను.

రెండో మెట్టు: ఫ్రేము వ్యవధి నిర్ణయం

ఎక్స్‌లైట్స్‌లో కొత్త మ్యూజికల్ సీక్వెన్సు తెరవగానే ఫ్రేము వ్యవధి 25 మిల్లీసెకన్లా, 50 మిల్లీసెకన్లా అని అడుగుతుంది. మొదటిది సెకనుకు 40 సార్లు, రెండోది 20 సార్లు దీపాల స్థితిని మారుస్తుంది. మనం ఎక్కడ గుర్తు పెట్టినా అది దగ్గరలోని ఫ్రేముకు సర్దుకుంటుంది కాబట్టి, 50 ఎంచుకుంటే గుర్తు గరిష్ఠంగా 25 మిల్లీసెకన్లు, 25 ఎంచుకుంటే పన్నెండున్నర మిల్లీసెకన్లు అటూ ఇటూ అవుతుంది. వేగంగా సాగే పాటలకు 25 ఎంచుకోవడమే మేలు.

దీనికి దీపాల వైపు నుంచి ఒక పరిమితి ఉంది. డబ్ల్యూఎస్2811 రకం పిక్సెలుకు ఒక్కొక్కదానికి సమాచారం పంపడానికి 30 మైక్రోసెకన్లు పడుతుంది. ఒకే పోర్టుకు 800 పిక్సెళ్లు గొలుసుగా కలిపితే 24 మిల్లీసెకన్లు అక్కడే అయిపోతాయి. అంతకన్నా పొడవైన గొలుసు ఉన్నవారు దాన్ని రెండు పోర్టులకు పంచాలి, లేదా 50 మిల్లీసెకన్లతో సరిపెట్టుకోవాలి. ఈ నిర్ణయం కూడా గుర్తులు పెట్టకముందే జరగాలి.

మూడో మెట్టు: పాట భాగాల ట్రాక్

చాలామంది నేరుగా బీట్ల వేటకు వెళతారు. నేను మాత్రం ముందు భాగాల ట్రాక్‌ను, అదీ పూర్తిగా చెవితోనే చేస్తాను. ఎత్తుగడ, పల్లవి, మొదటి చరణం, వాద్యాలు మాత్రమే వినబడే మధ్యభాగం, రెండో చరణం, చివరి పల్లవి, ముగింపు అంటూ ఒక పాటకు రెండేసి గుర్తుల నడుమ ఒకటి చొప్పున ఎనిమిది నుంచి పన్నెండు పెట్టెలు వస్తాయి. ఖాళీ టైమింగ్ ట్రాక్ ఒకటి చేర్చి, దానికి భాగాలు అని పేరు పెట్టి, పాట నడుస్తుండగా భాగం మారినప్పుడల్లా కీబోర్డులో టి అక్షరం నొక్కితే గుర్తు పడుతుంది. ఆ తరువాత తరంగరూపాన్ని (శబ్దం హెచ్చుతగ్గులు గీతగా కనబడే బొమ్మను) పెద్దది చేసుకుని ఒక్కొక్క గుర్తును సరైన చోటికి లాగాలి.

ఇది పది నిమిషాల పని. కానీ షో రూపం ఇక్కడే తేలుతుంది. మొదటి పల్లవికి ఇల్లు మొత్తం వెలిగించేస్తే చివరి పల్లవికి చూపడానికి ఏమీ మిగలదని ఈ పెట్టెలను చూసినప్పుడే అర్థమవుతుంది. ఏ భాగంలో బీటును అనుసరించాలి, ఏ భాగంలో గొంతును అనుసరించాలి అనేది కూడా పెట్టె పేరులోనే రాసుకుంటాను. అలా రాసుకున్నప్పుడు పాట మొత్తానికీ అన్ని రకాల గుర్తులూ పెట్టవలసిన అవసరం తప్పుతుంది.

నాలుగో మెట్టు: బీట్ల ట్రాక్

ఇది ఈ పనికంతటికీ వెన్నెముక కాబట్టి కాస్త నిదానంగా చూద్దాం. బీట్లు పెట్టడానికి రెండు దారులున్నాయి. పాట మెట్రోనోముకు (సమాన వ్యవధిలో టిక్కు కొట్టే పరికరానికి) కట్టుబడి రికార్డు అయినదైతే లెక్కతో పెట్టవచ్చు. మనుషులు కలిసి వాయిస్తూ వేగం పెంచుతూ తగ్గిస్తూ సాగినదైతే ప్లగిన్‌కు అప్పగించి తరువాత చేత్తో దిద్దాలి.

లెక్క దారి ఇలా ఉంటుంది. ఆడాసిటీలో పాటను తెరిచి మొదటి స్పష్టమైన బీటు ఎక్కడ పడిందో చూడండి. 1.860 సెకన్ల దగ్గర పడిందనుకుందాం. అక్కడి నుంచి వేళ్ల మీద లెక్కపెడుతూ 128 బీట్లు దాటి వెళ్లండి. ఆ బీటు 62.812 సెకన్ల దగ్గర ఉందనుకుందాం. తేడా 60.952 సెకన్లు. దాన్ని 128తో భాగిస్తే ఒక్కో బీటుకు 476.19 మిల్లీసెకన్లు, అంటే నిమిషానికి 126 బీట్లు.

అంత దూరం ఎందుకు లెక్కపెట్టాలని అనిపించవచ్చు. తరంగరూపంలో గుర్తు పెట్టేటప్పుడు 10 మిల్లీసెకన్ల పొరపాటు ఎవరికైనా సహజం. ఆ పొరపాటు 128 బీట్ల మీద పంచుకుంటే బీటుకు 0.08 మిల్లీసెకన్లు కూడా ఉండదు, మూడు నిమిషాల పాటలోని 378 బీట్లు గడిచేసరికి 30 మిల్లీసెకన్ల తేడా మాత్రమే వస్తుంది. అదే నాలుగు బీట్లే కొలిచి సరిపెట్టుకుంటే బీటుకు రెండున్నర మిల్లీసెకన్ల తప్పు చేరి, పాట చివరకు 945 మిల్లీసెకన్లు, అంటే దాదాపు రెండు బీట్లు పక్కకు పోతాం. పాట మొదట్లో చక్కగా కుదిరి చివర్లో తేలిపోయే షోలకు మూలం తరచుగా ఇదే.

వ్యవధి తేలిన తరువాత దాన్ని ఫ్రేముకు సర్ది వాడడం మరొక ఉచ్చు. 476.19ని 475 అని సర్ది, అదే 475ను వరుసగా కూడుతూ పోతే 378 బీట్లకు 450 మిల్లీసెకన్ల తేడా పేరుకుంటుంది. స్థిర వ్యవధితో గుర్తులు పెట్టే మెట్రోనోమ్ ట్రాక్‌కు పూర్తి అంకెలు మాత్రమే ఇచ్చినప్పుడు జరిగేది సరిగ్గా ఇది. సర్దవలసింది వ్యవధిని కాక ప్రతి గుర్తు స్థానాన్ని. స్ప్రెడ్‌షీటులో మొదటి బీటు కాలానికి, బీటు సంఖ్యను అసలు వ్యవధితో గుణించి కలిపితే ప్రతి బీటుకూ అసలు స్థానం వస్తుంది. ఫ్రేముకు సర్దుకున్నప్పుడు ఏ బీటుకు ఆ బీటు పన్నెండున్నర మిల్లీసెకన్ల లోపే కదులుతుంది, తేడా పేరుకోదు.

ఆ అంకెలను ఎక్స్‌లైట్స్‌లోకి తీసుకువెళ్లడానికి ఆడాసిటీ లేబుల్ ఫైలు రూపం చాలు. అది మామూలు టెక్స్ట్ ఫైలు. ఒక్కో వరుసలో మొదలయ్యే సెకన్లు, ట్యాబ్, ముగిసే సెకన్లు, ట్యాబ్, పేరు ఉంటాయి. పై పాటకు మొదటి వరుసలో 1.860000, 2.336190, 1 అని, రెండో వరుసలో 2.336190, 2.812381, 2 అని వస్తాయి. పేరు స్థానంలో 1, 2, 3, 4 అని బీటు సంఖ్య వేసుకుంటే తరువాతి పనికి ఎంతో సాయం చేస్తుంది. ఈ ఫైలును టైమింగ్ ట్రాక్ దిగుమతి ద్వారా తెచ్చుకుని, మొదటి గుర్తు, నడిమి గుర్తు, చివరి గుర్తు మూడూ తరంగంతో కలిశాయో లేదో చూడాలి.

రెండో దారి ప్లగిన్‌ది. క్వీన్ మేరీవారి బార్ అండ్ బీట్ ట్రాకర్‌ను ఎంచుకుంటే పాట మొత్తాన్ని విని బీట్లను గుర్తించి, వాటికి బార్‌లో (తిరిగి తిరిగి వచ్చే బీట్ల జట్టులో) ఎన్నో బీటో కూడా పేరు పెడుతుంది. దానికి మనం ముందే చెప్పవలసింది బార్‌కు ఎన్ని బీట్లు అనేది. మార్చకపోతే నాలుగు అనుకుంటుంది. క్రిస్మస్ పాటల్లో మూడు బీట్లవి, ఆరు ఎనిమిదుల నడకవి చాలా ఉన్నాయి, వాటికి నాలుగు అని వదిలేస్తే బార్ల లెక్క మొదటి నుంచి చివరి దాకా తప్పుతుంది. దీపావళికి తెలుగు పాటలతో షో పెట్టేవారు తమ పాట తాళం ముందు తేల్చుకోవాలి. ఆదితాళానికి నాలుగు ఇస్తే సరిపోతుంది, ఖండచాపుకు ఐదు, మిశ్రచాపుకు ఏడు ఇవ్వాలి. అనాగతంలో ఎత్తుకునే పాటల్లో గొంతు తాళం తరువాత వస్తుంది కదా, ప్లగిన్ కొన్నిసార్లు గొంతు వచ్చిన చోటునే ఒకటిగా పట్టుకుంటుంది. చేత్తో తాళం వేస్తూ ఒక్క ఆవర్తనం వింటే ఆ తప్పు తెలిసిపోతుంది.

ప్లగిన్ ఫలితంలో నేను ప్రతిసారీ వెతికే లోపాలు మూడు. మొదటిది, వేగాన్ని సగానికో రెట్టింపుకో పట్టుకోవడం. నిమిషానికి 70 బీట్ల మెలోడీకి 140 గుర్తులు పెడుతుంది. రెండోది, బీట్ల నడుమ పడే ఎదురు దెబ్బలను బీట్లుగా అనుకోవడం. అప్పుడు గుర్తులన్నీ సరిగ్గా సగం వ్యవధి పక్కన ఉంటాయి. మూడోది, డ్రమ్ములు ఆగి గొంతు మాత్రమే సాగే చోట తప్పిపోవడం. మొదటి దానిలో గుర్తులు రెట్టింపైతే ఒకటి విడిచి ఒకటి తీసేస్తే చాలు, సగమైతే ప్రతి రెండు గుర్తుల నడుమ ఒకటి చేర్చాలి. రెండో దానికి మొత్తం ట్రాక్‌ను జరపాలి. మూడో దానికి ఆ భాగం వరకు గుర్తులు తుడిచి, ముందు వెనుకల ఉన్న సరైన బీట్ల నడుమ దూరాన్ని సమానంగా పంచాలి. పాట చివర నెమ్మదిస్తూ ఆగే చోట మాత్రం ఏ సూత్రమూ పనిచేయదు, చెవితో ఒక్కొక్కటే పెట్టాలి.

బీట్ల ట్రాక్ కుదిరిన తరువాత ప్రతి బార్ మొదటి బీటును మాత్రమే తీసుకుని విడిగా బార్ల ట్రాక్ చేసుకోవాలి. చూరు మీద రంగు మారడం, చెట్టు చుట్టూ వెలుగు తిరగడం వంటి నిదానమైన కదలికలకు ఆ ట్రాక్ ఆధారం అవుతుంది.

ఐదో మెట్టు: దెబ్బల ట్రాక్

బీటు అనేది నడక, దెబ్బ అనేది వినబడే శబ్దం. రెండూ ఒకటి కావు. పాట నడకలో శబ్దం లేని బీట్లుంటాయి, బీటు లేని చోట పడే దెబ్బలుంటాయి. చూసేవారికి గుర్తుండిపోయేవి చాలావరకు ఆ రెండో రకమే.

దెబ్బలను కనిపెట్టడానికి నోట్ ఆన్‌సెట్ డిటెక్టర్ అనే ప్లగిన్ ఉంది. దాన్ని పాట మొత్తం మీద నడిపితే గిటారు మీటు, గొంతులో హల్లు, సింబల్ (కంచు తాళం) చప్పుడు అన్నిటికీ గుర్తులు పెట్టి వందల పెట్టెలతో తెర నింపేస్తుంది. ఆ గుర్తులన్నిటికీ దీపం కొడితే అది సంగీతానికి తగిన వెలుగులా ఉండదు, చెడిపోయిన ట్యూబ్‌లైటులా కొట్టుకుంటుంది. అందుకే పాటను ముందు వాద్యాలుగా విడదీయాలి. డీజర్ సంస్థవారు 2019లో విడుదల చేసిన స్ప్లీటర్, ఫేస్‌బుక్ పరిశోధకులు ఇచ్చిన డిమక్స్ వంటి ఉచిత పనిముట్లు పాట నుంచి గొంతు, డ్రమ్ములు, బేస్, మిగతా వాద్యాలను వేర్వేరు ఫైళ్లుగా తీసి ఇస్తాయి. డ్రమ్ముల ఫైలును మాత్రమే విశ్లేషిస్తే వచ్చే గుర్తులు ఎంతో శుభ్రంగా ఉంటాయి. విడదీసిన ఫైలు అసలు పాటతో సరిగ్గా ఒకే చోట మొదలవుతోందో లేదో రెండింటినీ ఆడాసిటీలో ఒకదాని కింద ఒకటి పెట్టి చూసుకోవడం మరవకండి. విడదీయడం కుదరనివారు ఎక్స్‌లైట్స్ తరంగరూపం మీద మౌసు కుడి బటను నొక్కి, బేస్ శబ్దాలు మాత్రమే కనబడేలా మార్చుకుంటే పెద్ద డ్రమ్ము దెబ్బలు కంటికి తేలుతాయి.

ఇక్కడ యంత్రం పని అయిపోతుంది, ఎంపిక మొదలవుతుంది. నాకు ఒక మూడు నిమిషాల పాటలో డ్రమ్ముల నుంచి 600కు పైగా గుర్తులు వచ్చాయి. వాటిని విని 140 మాత్రమే ఉంచాను. చరణంలో స్నేర్ డ్రమ్ము ఒక్కటే, పల్లవిలోకి వెళ్లే ముందు వరుసగా పడే ఎనిమిది దెబ్బలు, మధ్యభాగంలో సింబల్ పెద్దగా మోగిన ఐదు చోట్లు. మిగిలినవన్నీ తుడిచేశాక షో ఇంకా బాగా పాటను పట్టుకుంది. ఒక దెబ్బకు దీపం వెలగాలంటే దానికి ముందు చీకటి ఉండాలి కదా.

చేత్తో గుర్తులు పెట్టేవారికి ఒక మాట. ఆడాసిటీలో పాట నడుస్తుండగా కంట్రోల్, ఎం కలిపి నొక్కితే ఆ క్షణంలో లేబుల్ పడుతుంది. తెలిసిన నడకకు వేలు వేసేటప్పుడు మనుషులు బీటు కన్నా కొన్ని పదుల మిల్లీసెకన్లు ముందే నొక్కుతారు. ఊహించని శబ్దానికి నొక్కేటప్పుడు ఆలస్యంగా నొక్కుతారు. కాబట్టి నడక గుర్తులను ఒక దిక్కుకు, విడి దెబ్బల గుర్తులను మరో దిక్కుకు దిద్దవలసి వస్తుంది. పాటను సగం వేగంతో నడిపి నొక్కితే ఈ రెండు పొరపాట్లూ తగ్గుతాయి.

ఆరో మెట్టు: సాహిత్యం ట్రాక్, తెలుగు పాటల సంగతి

పాడే ముఖాలు ఈ షోలలో పిల్లలకు అన్నిటికన్నా ఇష్టమైనవి. గుమ్మం పక్కన మంచుబొమ్మ, చెట్టు మీద కళ్లు నోరు, పాట మాటలకు తగినట్టు నోరు కదుపుతాయి. దీనికి ఎక్స్‌లైట్స్ మూడు అంతస్తుల ట్రాక్ ఇస్తుంది. పై వరుసలో పాదాలు, దాని కింద మాటలు, దాని కింద నోటి ఆకారాలు. పాదం మొదలూ చివరా మనం పెడితే, దాన్ని మాటలుగా విడగొట్టమని చెప్పవచ్చు. అది కాలాన్ని మాటలకు సమానంగా పంచుతుంది కాబట్టి ప్రతి మాట హద్దునూ విని సరిచేయాలి. ఆ తరువాత మాటలను నోటి ఆకారాలుగా విడగొట్టమని చెబితే నిఘంటువులో వెతికి పెడుతుంది.

ఆ నిఘంటువు ఇంగ్లీషుది. తెలుగు మాట ఇస్తే దానికి తెలియదు. మొదటిసారి ఇది చూసి నిరాశపడ్డాను కానీ, నిజానికి తెలుగుకు ఈ పని ఇంగ్లీషు కన్నా సులువు. ఇంగ్లీషులో రాసినది ఒకటి, పలికేది ఒకటి. మనం రాసినదే పలుకుతాం, కాబట్టి అక్షరం చూసి నోటి ఆకారం చెప్పేయవచ్చు. ఎక్స్‌లైట్స్‌లో ఉన్న ఆకారాలు పది. పెదవులు మూసుకునే ఎంబీపీ ఆకారానికి ప, బ, భ, మ వస్తాయి. కింది పెదవి పై పళ్లకు తగిలే ఎఫ్‌వీకి ఫ, వ వస్తాయి. నాలుక కనబడే ఎల్‌కు ల, ళ. నోరు తెరుచుకునే ఏఐకి అ, ఆ, ఐ. పెదవులు సాగే ఈ ఆకారానికి ఇ, ఈ, ఎ, ఏ. గుండ్రని ఓకు ఒ, ఓ, ఔ. ముడుచుకునే యూకు ఉ, ఊ. పెదవులతో సంబంధం లేకుండా నోటి లోపల పలికే క, గ, చ, ట, త, న, ర, స వంటి హల్లులన్నిటికీ ఈటీసీ. శ్వాస తీసుకునే చోట రెస్ట్. డబ్ల్యూక్యూ ఆకారం మనకు అంతగా అక్కరలేదు, వొ, వూ వంటి చోట్ల మాత్రం నేను ఎఫ్‌వీకి బదులు దాన్నే వాడతాను.

వెలుగు అనే మాటను దగ్గరగా చూద్దాం. వె అక్షరానికి ఎఫ్‌వీ, ఈ. లు అక్షరానికి ఎల్, యూ. గు అక్షరానికి ఈటీసీ, యూ. మొత్తం ఆరు పెట్టెలు. మాట 600 మిల్లీసెకన్లు ఉంటే తలా 100 పంచకండి. హల్లుకు 50, అచ్చుకు 150 ఇస్తే నోరు నిజంగా పాడుతున్నట్టు ఉంటుంది. లఘువుకు ఒక మాత్ర, గురువుకు రెండు మాత్రలు అని చిన్నప్పుడు నేర్చుకున్న ఛందస్సు ఇక్కడ మొదటి అంచనాకు ఎంతో పనికి వచ్చింది. ఆపైన రాగం ఎక్కడ అచ్చును సాగదీసిందో విని దిద్దుకోవాలి. అమ్మ వంటి మాటల్లో ద్విత్వం దగ్గర మూసిన పెదవులను రెట్టింపు సేపు ఉంచాలి, లేకపోతే అమ అన్నట్టు కనబడుతుంది. ఒకసారి తేల్చుకున్న మాటలను వాడుకరి నిఘంటువులో చేర్చుకుంటే మరుసటి పాటకు మళ్లీ శ్రమ ఉండదు. పల్లవి మళ్లీ మళ్లీ వస్తుంది కాబట్టి ఈ చేర్పు మొదటి పాటలోనే అక్కరకొస్తుంది.

వేగంగా సాగే చోట ప్రతి హల్లుకూ పెట్టె పెట్టాలని పట్టుబట్టవద్దు. 50 మిల్లీసెకన్ల కన్నా తక్కువ ఉండే ఈటీసీ పెట్టెలను తీసేసి పక్క అచ్చులో కలిపేయవచ్చు. ఎంబీపీని మాత్రం ఎప్పుడూ తీయకూడదు. మ, ప వినబడినప్పుడు పెదవులు మూసుకోకపోతే ఎంత దూరం నుంచైనా తెలిసిపోతుంది.

ఏడో మెట్టు: సరిచూడడం

ట్రాకులు పూర్తయ్యాయని అనిపించినప్పుడు ఎఫెక్టులకు తొందరపడకుండా ఒకే ఒక వస్తువును, ఒక చెట్టునో కిటికీనో, తీసుకోండి. దాని మీద పాట పొడవునా వీయూ మీటర్ ఎఫెక్టు పెట్టి, అందులో టైమింగ్ ఈవెంట్ రకాల్లో ఒకటి ఎంచుకుని, బీట్ల ట్రాక్‌ను చూపండి. ప్రతి గుర్తుకూ ఆ వస్తువు ఒకసారి వెలుగుతుంది. పాట మొదలు, నడుమ, చివర ముప్పై సెకన్ల చొప్పున చూడండి. ఆపై దెబ్బల ట్రాక్‌కు మార్చి మళ్లీ చూడండి. ఆఖరుగా ఇంటి ముందు నిజమైన దీపాల మీద, చూసేవారు నిలబడే చోట నుంచి చూడాలి.

ఇంటి ముందు నిలబడినప్పుడు కొత్త ఆలస్యాలు బయటపడతాయి. గాలిలో శబ్దం సెకనుకు సుమారు 343 మీటర్లు ప్రయాణిస్తుంది. స్పీకరుకు 34 మీటర్ల దూరంలో ఉన్నవారికి పాట పదో వంతు సెకను ఆలస్యంగా వినబడుతుంది. ఎఫ్ఎం ద్వారా కారు రేడియోలో వినేవారికి ఈ బాధ లేదు. అమెరికాలో లైసెన్సు లేకుండా వాడే ఎఫ్ఎం ట్రాన్స్‌మిటరు బలం 3 మీటర్ల దూరంలో మీటరుకు 250 మైక్రోవోల్టులు దాటకూడదనే నియమం ఉంది. భారతదేశంలో అనుమతి లేకుండా ఎఫ్ఎం ప్రసారం చేయకూడదు, అక్కడ షో పెట్టేవారు తీగతో కలిపిన స్పీకర్లనే వాడి, వాటిని చూసేవారికి దగ్గరగా ఉంచాలి.

ఎంత తేడా వరకు మనిషి పట్టించుకోడు అన్నదానికి టీవీ ప్రసారాల కోసం ఐటీయూ (అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్) పెట్టుకున్న కొలత మనకూ దారి చూపుతుంది. దృశ్యం కన్నా శబ్దం 45 మిల్లీసెకన్లు ముందు వస్తే కనిపెడతారు, శబ్దం వెనుక పడితే మాత్రం 125 మిల్లీసెకన్ల దాకా కనిపెట్టరు. ఉరుము కన్నా మెరుపు ముందు రావడం మన కళ్లకూ చెవులకూ అలవాటే కదా. అందువల్ల గుర్తును రెండు ఫ్రేముల్లో దేనికి సర్దాలో తేలనప్పుడు నేను ఎప్పుడూ ముందున్న ఫ్రేముకే సర్దుతాను. పాతకాలపు ఫిలమెంటు బల్బుల తీగలు వాడేవారు ఇంకొంచెం ముందుకు జరపాలి, ఆ తీగ వేడెక్కి పూర్తిగా వెలగడానికి కొంత సమయం పడుతుంది. ఎల్ఈడీలకు ఆ సమస్య లేదు.

ఇల్లంతా ఒకే తీరుగా ముందో వెనుకో ఉంటే గుర్తులను ముట్టుకోవద్దు. అది ప్లేయరులోనో స్పీకరులోనో ఉన్న ఆలస్యం, దాన్ని అక్కడే సరిచేయాలి. కొన్ని చోట్ల మాత్రమే తేడా ఉంటేనే టైమింగ్ ట్రాక్‌ను తెరవాలి.

అన్నీ కుదిరిన తరువాత ప్రతి ట్రాక్‌ను ఎక్స్‌టైమింగ్ ఫైలుగా ఎగుమతి చేసి, ఖరారైన పాట ఫైలుతో పాటు ఒకే ఫోల్డరులో దాచండి. వచ్చే ఏడాది కొత్త చెట్టు కొన్నా, చూరు మీద దీపాలు మార్చినా, ఎఫెక్టులు మళ్లీ వేసుకోవలసి వస్తుంది గానీ ఈ గుర్తులు అలాగే పనికి వస్తాయి. మా ఇంటి షోలో ఇప్పటికీ నాలుగో ఏడాది పెట్టిన బీట్ల ట్రాకులు రెండు నడుస్తున్నాయి. వాటి కింద దీపాలన్నీ ఇప్పటికి రెండుసార్లు మారిపోయాయి.